అడ్డగీత కొట్టిన మూడో గడి

2016 మార్చిలో నన్ను విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లుకు పర్సనెల్ ఆఫీసరుగా వేశారు. కార్మికుడు చేరిన రోజు నుంచి మానేసిన రోజు దాకా అతని కాగితాలన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. ఆ ఏడాది చివర మిల్లు లాకౌట్ కావడంతో చాలామంది వేరే చోట్ల పని వెతుక్కున్నారు. కొత్త కంపెనీలు వాళ్ల వివరాలు మమ్మల్ని అడిగేవి. మనిషి అనుమతి లేకుండా ఏదీ బయటికి పోకూడదని నేనే ఒక పత్రం తయారు చేశాను. అందులో మూడు గడులు: సర్వీసు కాలం, నడవడిక, మిల్లు ఏటా చేయించే వైద్య పరీక్ష. ఇవ్వవచ్చు అనుకుంటే టిక్కు, వద్దనుకుంటే అడ్డగీత, కింద సంతకం. ఆ పత్రం గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది.

తులసయ్య మగ్గాల ఫిట్టరు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. అక్కడ మూత్రపిండాల జబ్బు ఎక్కువని అందరికీ తెలిసిందే. విశాఖ దగ్గర ఒక ఫ్యాక్టరీ అతన్ని తీసుకోవడానికి దాదాపు ఒప్పుకుని మాకు రాసింది. భార్య లచ్చమ్మతో వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. రెండు గడుల్లో టిక్కు పెట్టి, మూడో దాని దగ్గర పెన్ను ఆపాడు.

“మా ఊరి పేరు సూస్తేనే కిడ్నీ మనిసంటారు బాబూ. మళ్లీ రగతం కాగితం కూడా సూపించాలేటి?” అన్నాడు.

లచ్చమ్మ ఊరుకోలేదు. “ఏటేటా సెయ్యి సాపి రగతం ఇచ్చినావు. అందులో ఏటున్నాదో ఒక్కపాలైనా అడిగినావా? ఏటి దాస్తన్నావో నీకే తెల్దు.”

తర్వాత నా వైపు తిరిగి, ఆ కాగితం ఒకసారి చూపిస్తారా అని అడిగింది. రిపోర్టులు మిల్లు డాక్టరు గారి బీరువాలో సీలు కవర్లలో ఉంటాయని, నిర్ణయం మాత్రం అతనిదేనని చెప్పాను. నిజానికి నేనొక చీటీ రాస్తే కవరు వచ్చేది. తులసయ్య మూడో గడిలో అడ్డగీత కొట్టాడు. ఆ రోజు డైరీలో “ఆమె అడిగింది సబబే. చీటీ రాయలేదు” అని ఉంది.

అనుమతించిన రెండు ధ్రువపత్రాలూ పంపాను. పద్ధతి ప్రకారం, అతను సంతకం చేసిన అనుమతి పత్రం నకలు కూడా జత చేశాను. వారంలో ఆ ఫ్యాక్టరీ ఆఫీసరు మర్యాదగానే ఫోన్ చేశాడు. ఊరేమో ఉద్దానం, వైద్య పరీక్ష చూపించొద్దని గీత, ఇంక మేం అడగాల్సిందేమీ లేదండీ అన్నాడు. ఉద్యోగం పోయింది.

అప్పుడు చీటీ రాసి కవరు తెప్పించాను. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ స్వల్పంగా ఎక్కువ, పనికి యోగ్యుడు, మూడు నెలల్లో మళ్లీ పరీక్ష చేయించాలి అని ఉంది. అడ్డగీత చెప్పినంత చెడ్డ సంగతి ఆ కాగితంలో లేదు. దాన్ని తులసయ్యకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, ఊళ్లో లేరని తిరిగొచ్చింది. కుటుంబం కూలి పనికి ఒడిశా వైపు వెళ్లిందని తర్వాత తెలిసింది.

రెండేళ్ల పైన, మిల్లు మళ్లీ తెరిచాక, ఇద్దరూ వచ్చారు. తులసయ్య మొహం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఆ ఉద్యోగం రాకపోయేసరికి తనకు జబ్బు ఖాయమనుకుని, ఎవరినీ సూది గుచ్చనివ్వలేదని లచ్చమ్మ చెప్పింది. ఇప్పుడు డయాలసిస్ చేసే ఆసుపత్రి వాళ్లు పాత రక్త పరీక్షలు అడిగారు. మళ్లీ అదే పత్రం ముందు పెట్టాను. చదవకుండానే మూడు గడుల్లోనూ టిక్కు పెట్టాడు.

“అన్నీ ఇచ్చియ్యండి బాబూ. ఇంక దాయడానికి ఏటున్నాది.”

తిరిగొచ్చిన కవరు అలాగే ఫైల్లో ఉంది. అదే అతని చేతికిచ్చాను.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా రెండు పనులు తప్పకుండా చేశాను. ఏ కాగితం మీద అనుమతి అడుగుతున్నామో దాన్ని ముందు ఆ మనిషికి చదివి వినిపించాను. అనుమతి పత్రాన్ని మిల్లు గేటు దాటనివ్వలేదు. ఈ రెండింటికీ కొత్త నిబంధనేదీ అవసరం లేకపోయింది.