మూతల మీద ఎర్ర గుండ్రం

నేను చేసే పని ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాదు. బీరంగూడలో ఇరుగుపొరుగు అడిగితే "కంప్యూటర్లో సున్నాలు చుడుతుంది" అంటుంది. ఒళ్ళు మండుతుంది గానీ, నిజానికి అంతే. ఫ్యాక్టరీల్లో కెమెరా తీసిన బొమ్మ తెర మీదికి రాగానే, అందులో తప్పు ఎక్కడుందో కనిపెట్టి, అక్కడ ఎర్ర గుండ్రం గీసే ప్రోగ్రాం రాస్తాను. ఆ గుండ్రం బొమ్మలో కలవదు. బొమ్మ మీద గాజు పలక పెట్టి దాని మీద గీసినట్టు పైపైనే ఉంటుంది. కంప్యూటర్లో దాచే ఫొటోలో అదుండదు. సరుకు కొనేవాళ్ళు గీతల్లేని అసలు ఫొటోనే అడుగుతారు మరి.

పటాన్‌చెరు దాటాక దగ్గుమందు సీసాలకు ప్లాస్టిక్ మూతలు పోసే కంపెనీ ఒకటుంది. అచ్చు తెరుచుకున్నప్పుడల్లా ఒక ట్రే నిండా తెల్లటి మూతలు వరుసగా కెమెరా కిందికి వస్తాయి. తెర ముందు కూర్చున్నామె, గుండ్రం పడిన మూతను ట్రేలోంచి తీసి పక్క డబ్బాలో వేయాలి. తెల్ల మూతకు అంచు కాస్త తగ్గితే ఆ వేగంలో ఎవరి కంటికీ ఆనదు. అందుకే "మూతల్ని చూడకు, గుండ్రాన్ని చూడు" అని మొదటి రోజే చెప్తారు. నేను చెప్పబోయే ఆమెకూ అదే నేర్పారు.

ఆమెది బొంతపల్లి వైపు. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. తను మాత్రం ఎంత బతిమాలినా మేడం అనడం మానలేదు. భర్తకు నడుము పట్టేసి మంచం దిగడం లేదు. ఆ ఇంటికి ఈ కాంట్రాక్టు నౌకరీ ఒక్కటే ఆధారం. ఈ సంగతి మేనేజర్‌తో సహా అందరికీ తెలుసు.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఫోను. మూతలు వెనక్కొచ్చాయి, సీసాలు కారుతున్నాయి, ఉన్నపళంగా రమ్మన్నారు. వెళ్ళేసరికి మేనేజర్ గదిలో ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన కంప్యూటర్లో దాచి ఉన్న ఫొటోల్ని పెద్దవి చేసి ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. ప్రతి ట్రేలోనూ ఎడమవైపు పై మూల ఉన్న మూతకు అంచు సగమే ఉంది.

"గింత సాఫ్‌గ కనబడుతుంటే నీ కండ్లు ఏడ పెట్టుకున్నవ్? ఫోన్ల సీరియల్ సూస్తున్నవా?"

"గుండ్రం రాలే సార్. వస్తే తియ్యకుంట ఉంటనా?"

ఆయన నా వైపు తిరిగాడు. "మీ ప్రోగ్రాం గీయలేదా మేడం?"

ఎప్పుడు ఎక్కడ గుండ్రం గీసిందో ప్రోగ్రాం రాసుకునే రికార్డు తెరిచి చూశాను. గీసింది. చెడ్డ మూత వచ్చిన ప్రతిసారీ గీసింది. ఆ మాటే చెప్పాను. అప్పుడు ఆమె నా వంక చూసిన చూపుకు నా ప్రాణం ఉసూరుమంది.

"ఇగ చాలు. రేపటి నుంచి రాకు" అన్నాడు మేనేజర్ ఆమెతో.

"ఒక్క నిమిషం ఆగండి" అని లేచి మిషన్ దగ్గరికి నడిచాను. బొమ్మను ఆపి, పెద్దది చేసి, కుర్చీలో కూర్చుని చూస్తే ఎవరికైనా కనబడుతుంది. పరుగెత్తే ట్రేలో చూసి చెప్పమనండి, ఆ మహానుభావుణ్ణి! ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. మరి గుండ్రం ఎటు పోయినట్టు?

తెర ముందు నిలబడగానే తెలిసిపోయింది. ఆయుధ పూజ నాడు మిషన్లన్నిటితో పాటు తెరకు కూడా బొట్టు పెట్టారు. చుట్టూ ఉన్న చట్రానికి పెట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అద్దం మీదే, సరిగ్గా ఎడమవైపు పై మూల, పసుపు పూసి దాని మీద నూనెలో కలిపిన కుంకుమ దట్టంగా అద్దారు. పూజ బొట్టును ఎవరూ తుడవరు. దానంతట అది రాలిపోవాల్సిందే. ఇన్నాళ్ళూ ఆ మూల మూత చెడిపోలేదు కాబట్టి బొట్టు ఎవరికీ అడ్డం రాలేదు. అచ్చులో ఆ మూల గుంతే పాడయ్యేసరికి, నా గుండ్రం వెళ్ళి బొట్టు చాటున పడుతోంది. ఆ కంపెనీలో ఏటా బొట్లు పెట్టేది మేనేజరే, ఇంకొకరి చేతికి ఇవ్వడు.

ఆయన్నీ ఆమెనూ అక్కడికే పిలిచి, చెడ్డ మూత ఉన్న ట్రేను మళ్ళీ కెమెరా కింద పెట్టాను. తెర మీద ఎక్కడా గుండ్రం లేదు. మూతను పక్క వరుసలోకి మార్చి పెడితే, ఎర్రగా ప్రత్యక్షమైంది. హమ్మయ్య, ఆమె గట్టెక్కింది అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

మేనేజర్ ముఖం మాడిపోయింది. నన్ను వదిలేసి ఆమెను పట్టుకున్నాడు. "నువ్వు చెప్పు. అమ్మవారి బొట్టు వల్ల పని చెడ్డదంటవా?"

చుట్టుపక్కల మిషన్ల వాళ్ళు చేతులాపి చూస్తున్నారు. ఆమె బొట్టు వంక చూసింది. కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"లే సార్. నేనే సక్కగ సూడలే. తప్పు నాదే."

"విన్నారు గదా మేడం" అన్నాడాయన.

గేటు దాకా ఆమె వెనకే పరుగెత్తాను. కోపంతో నాకు ఏడుపొచ్చేసింది. "ఎందుకట్లా అన్నావు అక్కా? అంతా కళ్ళకు కట్టినట్టు చూపించాను కదా! నోటి దగ్గరి కూడు కాలదన్నుకుంటారా ఎవరైనా?"

"మీరు మంచిగనే సూపించిన్రు మేడం. గనీ ఆయన మంచంల పడ్డంక పొద్దుమాపు ఆ తల్లికే మొక్కుతున్న. నీ బొట్టే నా పని చెడగొట్టిందని నలుగుర్ల అని, ఇంటికి పోయి ఏం మొఖం పెట్టుకొని దీపం పెట్టాలె?" అంది. ఆటో వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మేనేజర్ ఫోన్ చేశాడు. గొంతులో ఎక్కడలేని మర్యాద. "మేడం, ఒక చిన్న పని. తెర మీద బొమ్మను జెర చిన్నగ చేసి కిందికి జరిపి, ఎడమవైపు పై మూల ఖాళీగ వదలండి. వచ్చే దసరాకు పరేషాన్ ఉండదు."

"అంటే ఆమె తప్పు లేదని మీకూ తెలుసన్నమాట. ఆమెను వెనక్కి పిలవండి, ఇప్పుడే జరుపుతాను" అన్నాను.

"అది అయిపోయిన ముచ్చట మేడం. అందరి ముంగట తనే ఒప్పుకున్నది."

జరపనని ఫోను పెట్టేశాను. మా ఆఫీసులో ఇంకొకరు జరిపారు. అది ఎంతసేపు పని కనక?

ఇప్పుడు ఆ తెర పైభాగాన నల్లటి ఖాళీ ఉంటుంది, బొట్టు కోసం. మొన్న వెళ్ళినప్పుడు ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తామె, "గీ పైన ఏం రాదేంది మేడం?" అని అడిగింది. మేనేజర్ పక్కనే ఉన్నాడు. ఉంటే ఉండనీ అనుకుని, మొత్తం చెప్పాను.