సగంలో చెయ్యి తీసే మనిషి

చిన్నాయిన పోయాడని షాద్‌నగర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం. ఇనుము కరిగించే కొలిమి దగ్గర పడిపోయాడట. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. బయట ఎండ, లోపల కొలిమి, రెండూ కలిసి తీసుకుపోయాయన్నారు.

మా నాయిన తమ్ముడు ఆయన. చాలా ఏళ్లు మగ్గం నేసి, గిట్టుబాటు కాక ఫ్యాక్టరీలో చేరాడు. సెలవు రోజున మా ఇంటికొచ్చి నాతో కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడేవాడు. నవ్వకండి, నాకు ఓపిక నేర్పింది ఆ ఆటలోనే. అంతరిక్షంలో జరిగే యుద్ధం అది. ఆ తుపాకుల్లో తూటాలు అయిపోవు, వేడి ఎక్కుతుంది. కాల్చిన కొద్దీ తెర మూలన వేడిని చూపే ఒక పట్టీ నిండుతుంది. పూర్తిగా ఎర్రబడితే తుపాకీ బిగుసుకుపోతుంది, చల్లారేదాకా శత్రువు ముందు ఉత్తచేతులతో నిలబడాల్సిందే. సగంలో ఆపితే నెమ్మదిగా దానంతట అదే చల్లబడుతుంది.

నేను ఆగేదాన్ని కాదు. ప్రతిసారీ చచ్చేదాన్ని.

"ఎర్రగయ్యేదాక ఏం చూస్తవ్ బిడ్డా? సగంలనే చెయ్యి తియ్యాలె."

"గప్పటికి వాడు పారిపోతడు చిన్నాయినా."

"పోనీ. మనం ఉంటె మళ్ల దొరుకుతడు."

ఆడుతున్నంతసేపూ ఆయన కాళ్లు మగ్గం తొక్కుతున్నట్టు కదిలేవి.

ఆటలో అంత నిదానస్తుడు, పనిలో మాత్రం కాదు. మధ్యలో లేస్తే ఆపిన చోట బట్టలో ఆనవాలు పడుతుందని, కొంగు పూర్తయ్యేదాకా నీళ్లకైనా మగ్గం దిగేవాడు కాదు. అప్పుడది నడిచింది, మగ్గం గుంటలో కాళ్లకు చల్లగా ఉండేది. ఆ అలవాటునే కొలిమి దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ బట్ట లేదు, ఆనవాలు లేదు. అయినా షిఫ్టు మధ్యలో లేవడం ఆయనకు చేతకాలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

పోయే ముందురోజు ఫోన్ చేశాడు. గొంతు ఎండిపోయి ఉంది.

"జర తల తిరుగుతాంది బిడ్డా."

"పట్టీ ఎందాక వచ్చింది?" అని నవ్వుతూ అడిగాను.

"సగమే. ఫికర్ చెయ్యకు."

నమ్మాను. పని ఆపి ఇంటికి రమ్మని గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు.

దినాలయ్యాక ఆట తెరిచాను. ఆయన ఎప్పుడూ ఆడించే సైనికుడు తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పట్టీ సగం నిండేదాకా కాల్చి, చెయ్యి తీశాను. ఎరుపు కొద్దికొద్దిగా దిగిపోయింది. పట్టీ ఖాళీ అయ్యాక కూడా ఆ సైనికుడు అక్కడే నిలబడి ఉన్నాడు. నేను మళ్లీ కాల్చలేదు.