ఒంట్లో బాగున్నప్పుడే దవాఖానా

నాకు ముందు పుట్టిన అన్న, బొడ్డు ఊడినచోట రక్తం ఆగక నెల తిరగకముందే పోయాడు. నాకూ అలాగే కారింది. నాన్న వెంటనే వరంగల్ పెద్ద దవాఖానాకు తీసుకుపోబట్టి మిగిలాను. అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరి నుంచీ వచ్చిన లోపమని, నా రక్తం గడ్డకట్టినా ఆ గడ్డ నిలవదని, నెలనెలా ప్లాస్మా ఎక్కిస్తే అందరిలాగే బతుకుతానని డాక్టరు చెప్పారట. ప్లాస్మా అంటే రక్తంలోంచి ఎర్రదనం తీసేయగా మిగిలే పసుపుపచ్చటి నీరు.

వేంసూరు దగ్గరి మా ఊరినుంచి నెలకోసారి నాన్నా నేనూ బయలుదేరేవాళ్ళం. ఖమ్మం దాకా బస్సు, ఆపైన రైలు. వార్డులో అందరూ మూలుగుతుంటే నేనొక్కదాన్నే కాళ్ళూపుకుంటూ, సీసా ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చునేదాన్ని. పక్క మంచం వాళ్ళు "నీకేమైంది బిడ్డా?" అంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

నాయనమ్మకు ఈ తిరుగుడు నచ్చేది కాదు.

"ఏ నొప్పీ లేని పిల్లకు నెలనెలా సూదులేందిరా?"

"నొప్పి రాకుండనే గదమ్మా ఇస్తున్నరు," అనేవాడు నాన్న.

నేను మూడో తరగతిలో ఉండగా వానలు వదలకుండా కురిశాయి. సరిగ్గా ప్లాస్మాకు పోవాల్సిన రోజుకే వాగు రోడ్డెక్కి బస్సులు ఆగిపోయాయి. నాన్న వాగుదాకా పోయి చూసి తిరిగొచ్చాడు. "తగ్గినంక పోదురులే, పిల్ల మంచిగనే ఉన్నది గద," అంది నాయనమ్మ. తర్వాతి వారం బడిలో ఎక్కాలు చదువుతుంటే తలనొప్పి మొదలైంది. పుస్తకంలో అక్షరాలు రెండేసి కనిపించాయి. ఆ తర్వాత గుర్తున్నది వార్డులో ఫ్యాను, నా పాదాలు పట్టుకుని కూర్చున్న అమ్మ. తలలో రక్తం కారిందట. బతికాను. ఎడమచెయ్యి మాత్రం ఇప్పటికీ గ్లాసును గట్టిగా పట్టలేదు.

ఇల్లు చేరాక, నన్ను ఖమ్మంలో పిన్ని దగ్గర ఉంచాలని నాన్న తేల్చాడు. వాళ్ళిల్లు స్టేషను దగ్గరే. బస్సులు ఆగినా రైలుంటుంది.

"ఇంత పిల్లను పంపి నేనెట్ల ఉండాలె?" అంది అమ్మ.

"ఇక్కడ ఉంచుకొని ఉండగలుగుతవా?"

అమ్మ నా గౌన్లు మడతపెట్టడం మొదలుపెట్టింది.

పిన్ని బాగానే చూసుకుంది. అయినా అక్కడ నేను చుట్టాన్నే. ఇంకొంచెం పెరుగన్నం కావాలని అడగడానికి మొహమాటం. వాళ్ళ పిల్లలు వీధిలో ఆడుతుంటే, పడతానేమోనని నన్ను మెట్ల మీద కూర్చోబెట్టేవారు. అమ్మ వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా తడిమి, ఎక్కడా కమిలిన మచ్చ లేదని చూసుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. ఒక్క మచ్చయినా ఉంటే ఆ పూటకు ఉండిపోయేదేమో అనుకునేదాన్ని.

మళ్ళీ రక్తం కారలేదు. ఇంటరుకొచ్చేసరికి వరంగల్ ఒక్కదాన్నే పోయొచ్చేదాన్ని. చదువూ, ఉద్యోగమూ అన్నీ ఖమ్మంలోనే అయ్యాయి. ఎప్పుడైనా మా ఊరు పోతే, నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కొంగు సర్దుకుని "మీరు ఎప్పుడొచ్చిండ్రు?" అని అడుగుతారు.