కళ్ళంలో కాందిశీకులు

బర్మా నుంచి కాందిశీకులు వస్తున్నారని, మిరపకాయలు ఎండబోసుకునే మా ఊరుమ్మడి కళ్ళంలో వాళ్ళకి స్థలమివ్వాలని తాలూకా ఆఫీసు నుంచి కబురొచ్చింది. అరవైల్లో మాట. నేను గుంటూరులో బి.ఏ. చదువుతూ సెలవులకి ఇంటికొచ్చాను. ఊరి ప్రెసిడెంటు మా పెదనాన్నే. ఆయనకి ఆ మాటలో చివరి సగమే వినపడింది.

"సిక్కులంటరా! తలపాగాలూ, కత్తులూ! కళ్ళం పోయినట్టే!"

సాయంత్రానికి మగాళ్ళంతా కర్రలకి నూనె పట్టిస్తున్నారు.

"సిక్కులు కాదు పెదనాన్నా, కాందిశీకులు. దేశం విడిచి పారిపోయి వచ్చినవాళ్ళు."

"నోర్ముయ్యవే. పారిపోయొచ్చే సిక్కుంటాడా ఎక్కడన్నా?"

తీరా లారీ దిగింది ఒక్క కుటుంబం. లుంగీ కట్టుకున్న ఒకావిడ, దగ్గుతో నిలబడలేని మొగుడు, ఇద్దరు ఆడపిల్లలు. "మంచినీలెక్కడమ్మా?" అని నన్నడిగింది. శ్రీకాకుళం తెలుగు.

పెదనాన్న మొహం ముందు చిన్నబోయింది, తర్వాత వెలిగింది. "మీరు తెలుగోళ్ళా? గవర్నమెంటు ఇమ్మన్నది కాందిశీకులకి, తెలుగోళ్ళకి కాదు."

"తెలుగోలమనే అక్కడ తోలీసినారు బాబూ. ఇక్కడా అదే నేరమేటి?"

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకిప్పటికీ రాదు. నా నోటికి భయపడి కళ్ళం నడిమధ్యన ఒక గుడిసెకి ఒప్పుకున్నారు. నడిమధ్యనే ఎందుకో మాఘంలో కాయ దిగాక తెలిసింది. గుడిసె చుట్టూ ఎర్రగా పరిచేశారు. ఆవిడ నీళ్ళకి వెళ్ళాలన్నా, మొగుణ్ణి మంచం మీద ఆసుపత్రికి మోయించాలన్నా కాయ తొక్కాలి. తొక్కితే ఊరంతా తిట్లు.

"ఇల్లిస్తామన్నాం గానీ దారిస్తామన్నామా?" ఇదీ మా పెదనాన్న న్యాయం.

నేను మళ్ళీ ఇంటికొచ్చిన ఓ ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. జనం కాయ గోతాలకెత్తి పరుగెత్తారు. దగ్గర్లో ఉన్న కప్పు ఆ గుడిసే. ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"లేవమ్మా, కాయ తడిసిపోద్ది!"

"ముందు దారి, బాబూ."

"చూశావటే దీని పొగరు!" అని పెదనాన్న నా వైపు తిరిగాడు.

"దారికి హద్దురాళ్ళు ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?" అన్నాను.

చినుకుల్లో ప్రెసిడెంటుగారు పంచె ఎగ్గట్టి, గుమ్మం నుంచి రోడ్డు దాకా రెండు వరసల రాళ్ళు పేర్చాడు.

"ఇంత వెడల్పెందుకమ్మా, రైలు తోలతావా?"

"మంచం పట్టాల బాబూ."

ఆయన వంగి రాళ్ళు ఇంకో జానెడు జరిపాడు.

అప్పుడు లేచింది. గోతాలన్నీ లోపలికి చేరాక, మిరప ఘాటుకి లోపలి మనిషి దగ్గు ఆగలేదు. ఇక చేసేదేముంది, పెదనాన్నా మరో ముగ్గురూ మంచమెత్తి ఆ దారమ్మటే మా వసారాలోకి మోసుకొచ్చారు. వానలో తడుస్తూ దారి పొడుగునా ఆయన నన్నే తిట్టాడు.