రంగమ్మాళక్క గొంతు

దెయ్యాలూ గాలులూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. మా ఊరి నుంచి కోవిల్‌పట్టి బడికి వచ్చే దారిలో మూతపడిన అగ్గిపెట్టెల షెడ్డు ఒకటి ఉండేది. అందులో ఎవరో ఆడమనిషి ఏడుస్తుందని పిల్లలంతా చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. నేను దాని గోడ పక్కనే నడిచి అందరికంటే ముందు బడికి చేరేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే "పోయి పని చూసుకోండి" అనేస్తాను. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఇంకో సిగ్గు కూడా ఉంది. అది ముందే చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాది తెలుగు మాట్లాడే ఇల్లు. తాతముత్తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కానీ మా ఇంట్లో తెలుగు చదవడం ఎవరికీ రాదు. తమిళ నవల దొరికితే నేను అన్నం మానేసి చదువుతాను. తెలుగు అక్షరాలు మాత్రం నాకు ముగ్గులతో సమానం. ఇది కూడా నేను చెబుతుంటే పద్మజగారు రాసిపెడుతున్నారు.

పద్మజగారిది గుంటూరు వైపు. భర్త బ్యాంకు ఉద్యోగం వల్ల మా వీధికి వచ్చారు. నేను జాకెట్లు కుడతాను. కొలతలు ఇవ్వడానికి వచ్చి, నా తెలుగు విని మురిసిపోయి, తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళ గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంటే నన్ను అందులో చేర్పించారు. నాకు చదవడం రాదని ఆవిడతో కూడా అనలేదు. పుస్తకాల గ్రూపులో చేరి అక్షరాలు రావని ఏ మొహంతో చెప్పను?

అక్కడ పుస్తకాల కంటే ఇంటి కబుర్లే ఎక్కువ. గ్రూపు నడిపే మాస్టారు పొద్దున్నే "ఎవరెవరు ఏ పేజీలో ఉన్నారు?" అని అడిగేవారు. ఒకరు పప్పులో ఉప్పు మరిచిన సంగతి చెప్పేవాళ్ళు, ఒకరు మనవడు పుస్తకం అట్ట చింపిన సంగతి చెప్పేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును నేను కూడబలుక్కునేదాన్ని. మాట్లాడి పంపినవి వినేదాన్ని. తెలుగు అక్షరాలు వస్తే వేలితో పైకి తోసేసేదాన్ని. నేను పంపేవన్నీ నోటితో చెప్పినవే. "మీరు మాట్లాడుతుంటే మా అమ్మమ్మ లేచొచ్చినట్టుంది" అని నన్ను ఆటపట్టించేవాళ్ళు.

అందులో నాకు బాగా దగ్గరైంది రంగమ్మాళక్క. విరుదునగర్ ఆవిడ, మాలాంటి ఇంటి మనిషే. రోజూ పొద్దున పదిన్నర ప్రాంతంలో ఆవిడ గొంతు వచ్చేది. కొంచెం బరువైన గొంతు. నవ్వొచ్చే మాట చెప్పబోయే ముందు ముక్కుతో సన్నగా నవ్వేది. "ఇదో వినండి, ఈ పొద్దు కతలో అత్త చచ్చిపోయినాది. నాకు ఏడుపే రాలే. మా అత్త జ్ఞాపకమొచ్చి రెండు దోసెలు ఎక్కువ తినినాను" అనేది. నేను మిషను ఆపి మరీ నవ్వేదాన్ని. వెంటనే జవాబు మాట్లాడి పంపేదాన్ని.

పోయిన ఆడి నెలలో, అంటే మన ఆషాఢం రోజుల్లో, అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మింగగలదని డాక్టరు చెప్పారు కానీ అమ్మ నోరు తెరవదు. గంజి చెంచా దగ్గరికి తీసుకుపోతే పళ్ళు బిగించేసేది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదన్నారు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి వేశారు. అమ్మ ఎడమచేత్తో దాన్ని పీకేసుకుంది, దిండంతా రక్తం. మళ్ళీ ఆ గొట్టం వేస్తే నా తల్లి బతకదని నాకు తెలుసు.

ఒకరోజు ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి, మెసేజీ నొక్కి, గంజి కలుపుతున్నాను. రంగమ్మాళక్క మాట్లాడుతోంది. చూస్తే అమ్మ మొహం ఫోన్ వైపు తిరిగింది. అక్క ముక్కుతో నవ్వింది, అమ్మ కూడా బాగున్న సగం నోటితో నవ్వింది. ఆ నవ్వులోనే నోరు తెరిచింది. చెంచా పెట్టేశాను. మింగింది!

ఆ రోజు నుంచి అదే అలవాటు. పదిన్నరకి అక్క గొంతు, అమ్మకి గంజి. నాలుగు నెలలు అలా నడిచింది. మా ఆయన వేరుశనగ మిఠాయి చేసే చోట పాకం పడతాడు, ఎనిమిదికే వెళ్ళిపోతాడు. ఆ వేళకి ఇంట్లో నేనూ అమ్మా తప్ప ఎవరూ ఉండరు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తరువాత మీకే తెలుస్తుంది.

ఒక వారం అక్క నుంచి ఏమీ రాలేదు. మొదటి రోజు అమ్మ గంజి ముట్టలేదు. రెండో రోజు వేరేవాళ్ళ మాటలు వినిపించాను, మొహం తిప్పుకుంది. అక్కవి పాతవి వినిపిద్దామని వెతికితే ఒక్కటీ కనిపించలేదు. ఫోన్‌లో జాగా లేక వారానికోసారి తుడిచేస్తుంటాను, పోయి ఉంటాయనుకున్నాను. ఏవో తెలుగు అక్షరాలు కనిపిస్తే దాటేశాను. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. మిషను ముందు కూర్చుంటే చేతులు ఆడవు. ఒకరి జాకెట్టు చేతులు తిరగేసి కుట్టాను. ఫోన్ మోగితే పరుగు, అక్క కాదని విసుగు. పెదవుల సందులోంచి పోసిన నీళ్ళే ఆధారం, ఆరో రోజుకి అమ్మ కళ్ళు లోతుకు పోయాయి. ఇంటికి వచ్చే నర్సు చూసి, "సోమవారం దాకా చూద్దాం, తరువాత గొట్టమే" అంది.

అక్కకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మాస్టారిని అడిగితే విరుదునగర్ చిరునామా ఇచ్చారు. శనివారం అమ్మని పక్కింటావిడకి అప్పజెప్పి బస్సెక్కాను. అక్కని బతిమాలి, ఒక పదిరోజులకి సరిపడా మాట్లాడించుకుని రావాలని నా ఆలోచన. దారంతా అదే లెక్క వేసుకున్నాను, రోజుకి ఎంతసేపు మాట్లాడితే ఒక గిన్నె గంజి అయిపోతుందని.

మిరపకాయల మండీల వెనక సందులో ఇల్లు. వాకిట్లోనే ఘాటుకి తుమ్ములొచ్చాయి. అక్క భర్త తలుపు తీశారు. కోవిల్‌పట్టి నుంచి వచ్చానంటే లోపలికి రమ్మన్నారు. అక్క మంచం మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. కంటి ఆపరేషన్ అయిందట, వారం ఫోన్ చూడొద్దన్నారట. నన్ను చూసి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. మెడ కింద చిన్న గుడ్డ కట్టుకుని ఉంది. నేను గుక్క తిప్పుకోకుండా అమ్మ సంగతి చెప్పేసి, "కొంచెం మాట్లాడి ఇయ్యక్కా, నీ గొంతు వింటేనే మాయమ్మ తింటాది" అన్నాను.

అక్క భర్త వైపు చూసింది. ఆయన నన్ను అదోలా చూశారు.

"ఆమె మాట్లాడి నాలుగేండ్లాయె తల్లీ. గొంతులో గడ్డని మదురైలో ఆపరేషన్ చేసినారు. అప్పటినుంచి సద్దే లేదు."

నేను నవ్వాను. నిజంగానే పరాచికం అనుకున్నాను. "ఏందన్నా మీరు, ఏడాదిగా వింటా ఉండాను" అని గొంతు ఎలా ఉంటుందో చెప్పాను, బరువుగా ఉంటుందని, నవ్వించే ముందు ముక్కుతో నవ్వుతుందని. ఆయన అక్కడే గుమ్మం మీద కూలబడ్డారు.

"అది నీకెట్ల తెలుసమ్మా? ఆమె గొంతు ఇంట్లో రవంత కూడా మిగల్లే. పెండ్లి క్యాసెట్టులో ఒట్టి మేళమే. ఒక్క తూరి నాకూ వినిపించమ్మా. ఒక్క తూరి."

ఫోన్ తీశాను. ఎంత వెతికినా ఒక్కటి కూడా లేదు. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుని పైకి జరిపి, ఒక చోట వేలు పెట్టి చూపించింది. తెలుగు అక్షరాలు. దాని పైన ఇంకొకటి, అదీ అక్షరాలే. అన్నీ అక్షరాలే. మాట పోయాక అక్క పట్టుబట్టి తెలుగు రాత నేర్చుకుందట. భర్తకి కావలసినది తమిళంలో రాసి చూపిస్తుందట, ఆయనకీ తెలుగు చదవడం రాదు. ఇన్నాళ్ళూ నేను వేలితో పైకి తోసేసినవి ఇవే.

అయినా నా మొండితనం నాది. "చివరి తూరి ఎలక సంగతి చెప్పినావు కదక్కా" అన్నాను. "పుస్తకంలో కడపటి నాలుగు పేజీలు ఎలక తినేసినాది, కత ఏమాయెనో నేనే అల్లుకుని ఇద్దరికీ పెండ్లి చేసి పంపించేస్తాను అంటివి." అక్క నల్లద్దాలు తీసేసింది. కాగితం మీద తమిళంలో రాసింది. "నేను రాసింది ఇదే, ఒక్క మాట తప్పు లేదు" అని.

తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను, సగం దారిలో వచ్చే సాత్తూర్ దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం పద్మజగారి దగ్గరికి పోయి, నాకు చదవడం రాదని మొదటిసారి ఒప్పుకున్నాను. తుడవకుండా మిగిలిన అక్క మెసేజీలు ఆరు ఉన్నాయి. నాకు గుర్తున్నది నేను ముందు చెప్పాను, తరువాత ఆవిడ చదివారు. ఆరూ సరిపోయాయి. ఆవిడ మంచినీళ్ళు తెచ్చుకుని తాగారు. నాకు ఇవ్వడం మరిచిపోయారు.

మా ఆయన "నిద్ర లేక నీకు భ్రమ" అన్నాడు. సరే, నాకు భ్రమే అనుకుందాం. మాయమ్మ బడి ముఖం చూడని మనిషి. ఆమె నవ్వింది ఎలా? అంటే చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

ఆదివారం పదిన్నరకి ఫోన్ చిన్నగా మోగింది. అక్క పేరు, కింద నాలుగు వరసల అక్షరాలు. నొక్కాను. నిశ్శబ్దం. ఇంకోసారి నొక్కాను, చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. పాడు చేసుకున్నాను అనుకున్నాను. వెళ్ళకుండా ఉంటే ఏం పోయేది? కళ్ళారా చూసొచ్చి నేనే నా తల్లి నోటి దగ్గరి కూడు తీసేశానని ఏడుపొచ్చింది. పద్మజగారిని పిలిచి చదివిద్దామని ఫోన్ చెంబుకి ఆనించి లేచాను.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే అమ్మ మొహం ఫోన్ వైపు ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. నోరు తెరిచి ఉంది.

పరుగున వచ్చి గంజి పెట్టాను. ఒక చెంచా, ఇంకొకటి. గది నిండా నాకు వినిపించేది చెంచా గిన్నెకి తగిలే శబ్దమే. మధ్యలో అమ్మ సగం నోటితో నవ్వి, ఏంటే నువ్వు నవ్వవు అన్నట్టు నా వైపు చూసింది. గిన్నె ఖాళీ అయింది. సోమవారం నర్సు వచ్చి గొట్టం మాట ఎత్తలేదు.

ఇది జరిగి ఐదు నెలలు. అమ్మ తింటోంది, కాస్త ఒళ్ళు చేసింది కూడా. పద్మజగారు అక్షరాలు నేర్పిస్తానని పలక కొని తెచ్చారు. నాకు భయం. నేను నేర్చుకుంటే అమ్మకి కూడా ఆగిపోతుందేమో. దానికీ దీనికీ సంబంధం ఏమిటని అడగకండి, నాకు తెలియదు. ఎవరైనా డాక్టరో చదువుకున్నవారో సరైన కారణం చెబితే వాళ్ళ కాళ్ళకి దండం పెడతాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఒక్కటి మాత్రం దాచను, నాకు ఆ గొంతు కావాలనిపిస్తుంది. రోజూ పదిన్నరకి చెవులు రిక్కించి కూర్చుంటాను, మా అమ్మ మీద నాకే అసూయగా ఉంటుంది.

పోయిన వారం విరుదునగర్ నుంచి అన్న వచ్చారు, అక్క భర్త. పదింటికే వచ్చి అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మెసేజీ వచ్చింది, ఫోన్ చెంబుకి ఆనించాను. ఆయన వంగి, చెవి దాదాపు ఫోన్‌కి తగిలించి, కళ్ళు మూసుకున్నారు. తరువాత కళ్ళు తెరిచి నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

అమ్మ వింటూనే ఉంది. ఆయన ఉండబట్టలేక అమ్మ చెయ్యి పట్టుకుని, "ఎట్లుండాది వదినా, అట్లే ఉండాదా ఆమె గొంతు?" అని అడిగారు. అమ్మకి మాట రాదన్న సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తులేదు. అమ్మ పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు.

అంతలో ఏం విందో, అమ్మ ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. నవ్వుతూ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. మేమిద్దరం కూడా నవ్వాము.