కోటేశ్వరమ్మ పంపిన పప్పు

కోటేశ్వరమ్మక్క కర్రీ పాయింట్ బ్రాడీపేటలో నా జిరాక్స్ షాపు పక్కనే. పదకొండు కొట్టేసరికి కోచింగ్ సెంటర్ల పిల్లలూ, వండుకునే తీరిక లేని ఉద్యోగస్తులూ ఆమె దోసకాయ పప్పు కోసం ఎగబడతారు. కౌలుకు మిరప వేసి దెబ్బతిన్న మొగుడు యలమందయ్య గుండెపోటుతో పోతే, ప్రత్తిపాడు దగ్గరి ఊరు వదిలేసి, పసిగుడ్డు అఖిలను చంకనేసుకుని గుంటూరు వచ్చిన మనిషి. ఆ గరిటెతోనే కూతుర్ని ఎమ్మెస్సీ దాకా చదివించింది. ఇప్పుడు అఖిల ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. అల్లుడు చైతన్యకృష్ణ ఒంగోల్లో బ్యాంకు ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్ళొస్తాడు. కాపురం గోరంట్లలో ఒక అపార్టుమెంట్లో.

కర్రీ పాయింట్ పని ఆరింటికి మొదలవుతుంది. అక్క మాత్రం నాలుగింటికే లేస్తుంది. మనవరాలు శ్రీదివ్యకు పప్పు వేరే వండాలి మరి! ఒకటో తరగతి పిల్ల, మన గుంటూరు కారం ఎక్కడ తట్టుకుంటుంది? చిన్న గిన్నెలో కారం తగ్గించి, నెయ్యి దట్టించి వండి, క్యారేజీ సర్ది, స్కూలు పిల్లల కోసం అటే వెళ్ళే కరీముల్లా ఆటోలో పెడుతుంది. సాయంత్రం దీపాల వేళ కూతురికి ఫోను.

"పప్పు ఎలా ఉందే?"

"బాగుందమ్మా. దివ్య రెండుసార్లు వేయించుకుంది."

ఆ ఒక్క మాటకు అక్క మొహం ఇంతయ్యేది. "దానికి వండుకునే టైమెక్కడిదే? నేను లేకపోతే ఏమైపోతుందో" అనేది నాతో, గొప్పగానే.

కార్తీక సోమవారాల్లో అక్క నక్షత్రాలు కనిపించేదాకా పచ్చిగంగ ముట్టదు. వండిందేదీ రుచి చూడదు. ఆ రోజుల్లో ఉప్పూ కారం చూసే ఉద్యోగం నాది. అరచేతిలో వేయించుకుని, నాకి, తీర్పు చెప్తాను. కానీ మనవరాలి గిన్నె నేను వచ్చేసరికే క్యారేజీలోకి ఎక్కేసి ఉంటుంది. మొన్న సోమవారం ఆటో వెళ్ళాక చూస్తే, ఆ గిన్నెలో వేయాలని తీసిపెట్టిన ఉప్పు మూతలో అలాగే ఉంది.

"అయ్యో రాత, చంటిదానికి చప్పిడి పప్పు పంపానే!" అని రోజంతా కొట్టుకులాడిపోయింది. స్కూల్లో ఉన్న కూతురికి ఫోను చేయడానికి లేదు. సాయంత్రం చేతులకు పిండి అంటుకుని ఉంటే స్పీకరు పెట్టి చేసింది. తప్పయిపోయిందని చెప్పేలోపే అఖిల అందుకుంది.

"ఇవాళ సూపరమ్మా. ఉప్పూ కారం సరిగ్గా కుదిరాయి. దివ్య గిన్నె నాకేసింది."

అక్క ఆ చేత్తోనే ఫోను పెట్టేసింది. కాసేపు పిండి పిసుకుతూనే ఉండి, "రేపు పొద్దున నాతో గోరంట్ల రావే దుర్గా" అంది.

మంగళవారం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కరీముల్లా ఆటో ఎక్కింది. పక్కన నేను. అపార్టుమెంటు గేటు ముందు ఆగామో లేదో, వాచ్‌మన్ భార్య గురవమ్మ వచ్చి చెయ్యి చాచింది.

"ఇటియ్యన్నా. నిన్న పప్పులో ఉప్పే లేదు. మా పిల్లలు ఒకటే గోల, నేనే కలిపా."

కరీముల్లా నోరు తెరిచాడు. "అదేందమ్మా! నువ్వు పైకి తీసుకెళ్ళి ఇస్తున్నావనుకుంటున్నా గదా ఇన్నాళ్ళూ!"

"మేడమ్‌గారు మమ్మల్నే తినమన్నారుగా. దసరా సెలవుల నుంచీ అంతే. వాళ్ళకి కరెంటు కుక్కరుంది" అంది గురవమ్మ. అమాయకురాలు, ఎదురుగా ఉన్నదెవరో దానికేం తెలుసు! అక్క క్యారేజీ దాని చేతిలోనే పెట్టి లిఫ్టు ఎక్కింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తెల్లవారుజామున లేచి చేసిన వంట ఊళ్ళో వాళ్ళకి, అబద్ధాలు అమ్మకీనా?

తలుపు తీసిన అఖిల మా ఇద్దర్నీ చూసి, వంటింటి వైపు ఓసారి తిరిగి చూసింది. హాల్లో శ్రీదివ్య సగం వేసిన జడతో కూర్చుని రెండో ఎక్కం అప్పజెప్తోంది. వంటింటి గట్టు మీద నల్లటి కుక్కరు తన పని తాను చేసుకుపోతోంది. విజిల్ లేదు, పక్కన కాపలా లేదు.

"చెప్తే బాధపడతావని..." అఖిల నసిగింది. "నీ క్యారేజీ వచ్చేసరికి ఆయన రైలు వెళ్ళిపోయేదమ్మా, ఖాళీ కడుపుతో పోయేవారు. ఇప్పుడు పప్పూ టమాటా వేసి, నీళ్ళు పోసి, బటన్ నొక్కేస్తే చాలు. మాడదు, పొంగదు, దానంతటదే ఆగిపోతుంది, వేడి కూడా చల్లారనివ్వదు. ఈలోగా దివ్యకు జడేస్తున్నా, చదివిస్తున్నా. ఇదివరకు దాని మొహం చూసే తీరికే ఉండేది కాదు. నీ క్యారేజీ వద్దంటే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకునేదాన్ని కాదు. ఒక పూట ఏడ్చేదాన్ని" అంది అక్క. "ఇంత మంచి సామాను కొనుక్కుంటే నాకు సంతోషం కాదటే? నా వంట వద్దన్నందుకు కాదే నా ఏడుపు. రోజూ ఫోన్లో నన్ను వెర్రిదాన్ని చేశావు చూడూ, అదీ! పిల్ల గిన్నె నాకిందని కథలల్లి మరీ చెప్పావు. నేను నమ్మి నాలుగింటికి లేచానే!"

అఖిల తల దించుకుని ఏడ్చింది. మధ్యలో శ్రీదివ్య లేచొచ్చి అమ్మమ్మ కొంగు పట్టుకుంది. "మా పప్పు తింటావా అమ్మమ్మా? బటన్ నేనే నొక్కా."

అక్క కాదనలేక రెండు ముద్దలు తింది. నాకూ పెట్టారు. అంత కోపంలోనూ నిజం చెప్పొద్దూ, పప్పు వెన్నలా ఉడికింది. అది బాగుండటమే నాకు మరీ కడుపుమంట.

ఆ సాయంత్రం అక్క ఫోను చేయలేదు. జనం కూరల కోసం నిలబడి ఉండగా ఆమె ఫోనే మోగింది. అఖిల. కవరు ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి.

"ఎత్తక్కా, పాపం, ఏడుస్తుందేమో" అన్నాను.

"ఎత్తి ఏం అడగనే?" అంది. "ఇన్నేళ్ళూ దాన్ని పప్పు సంగతి తప్ప ఇంకోటి అడగలేదు."