చంద్రకాంతమ్మ వీధి

తిరుపతిలో చెంగయ్య కుంచె తగలని బజారు ఒకప్పుడు లేదనే చెప్పాలి. మీసాలు సరిగా రాని వయసులో ఐరాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఫ్లెక్సీలు పుట్టి పని ఎత్తేసేదాకా బోర్డులు రాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు రాసే పని లేకపోయినా, సాయంత్రం పూట ఊళ్లోకి నడిచి వెళ్లి బోర్డులు చదివే అలవాటు మాత్రం పోలేదు.

ఏ పేట ఎవరిదో బోర్డులే చెబుతాయని ఆయన నమ్మకం. రైల్వే స్టేషను ఎదుట లాడ్జీలకు 'రూములు కలవు' అన్న ఒక్క మాటనే ఐదు భాషల్లో రాసేవాడు. అక్కడ తిరిగే జనంలో ఊరివాళ్లు తక్కువ. గాంధీ రోడ్డు ఇత్తడి అంగళ్ల దగ్గరికొస్తే తెలుగూ అరవమూ పక్కపక్కన సర్దుకునేవి. యూనివర్సిటీ వైపు వెళ్తే ఇంగ్లీషు పెద్దగా, తెలుగు దాని కాళ్ల దగ్గర. కొర్లగుంట చేరేసరికి ఒక్క తెలుగే మిగిలేది. 'ఇచ్చట పిండి పట్టబడును.' 'గేటు ముందర బండ్లు పెట్టరాదు.' అది వచ్చిపోయేవాళ్ల కోసం రాసింది కాదు, కాపురం ఉండేవాళ్ల కోసం రాసింది. చెంగయ్య కాపురం కూడా అక్కడే.

ఎనభైల్లో, ఆయన కొత్తగా పెళ్లయి అక్కడ ఇల్లు తీసుకున్నప్పుడు ఆ సందుకు పేరే లేదు. ఒక వేసవిలో వాళ్ల నాయన వేరుశనక్కాయల మూట నెత్తిన పెట్టుకుని కొడుకు కాపురం చూద్దామని బస్సెక్కి వచ్చాడు. సందు సందూ తిరిగాడు. కనబడ్డవాళ్లనల్లా అడిగాడు. పొద్దుగూకేదాకా ఎండలో తిరిగి తిరిగి, ఇల్లు దొరక్క, మూటతోనే ఐరాల బస్సెక్కి వెళ్లిపోయాడు. నెల తర్వాత చెంగయ్య ఊరికి పోతేగాని ఈ సంగతి తెలియలేదు.

"ఊరందరికీ పేర్లు రాస్తావంట గదరా! నీ ఈదికి పేరు ల్యాదే. ఏమని అడగల్ల నేను?" అన్నాడు నాయన. కోపంగా కూడా అనలేదు. ఆ మాట చెంగయ్యను తిరుగు బస్సులో కుదురుగా కూర్చోనివ్వలేదు.

మరుసటి రోజు పొద్దున్నే, మిఠాయి అంగడి బోర్డుకు వాడగా మిగిలిన పచ్చ రంగు డబ్బా తీసుకుని సందు మొదట్లో నిలబడ్డాడు. ఆ సందులో సిమెంటు పూసిన గోడ ఒక్కటే ఉంది. అది పిండి మిషను నడిపే చంద్రకాంతమ్మది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఎవరి గోడో వాళ్ల పేరే రాస్తే గొడవ ఉండదనుకున్నాడు చెంగయ్య. మూరెడెత్తు అక్షరాలతో 'చంద్రకాంతమ్మ వీధి' అని రాశాడు.

మధ్యాహ్నానికి ఆమె పిండి చేతులతోనే వచ్చి చెంగయ్య వాకిట్లో నిలబడింది.

"ఏమబ్బా, నా గోడ మింద నా పేరు రాసినావంటనే? సచ్చినోళ్ల పేర్లు గదా ఈదులకు పెట్టేది. నేనేమన్నా సచ్చినానా?"

"తప్పయిపోయిందక్కా, తుడిచేస్తా," అన్నాడు చెంగయ్య, లేచి గుడ్డ అందుకుంటూ.

ఆమె ఆ గుడ్డ లాక్కుని పక్కన పడేసింది. తర్వాత, "సదువు రాదు నాకు. నా పేరు యాడ మొదలయ్యేది, యాడ అయిపోయేది సూపీ," అంది. చెంగయ్య వెళ్లి వేలితో చూపించాడు. ఆమె ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి, "సరే, ఉండనీలే," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చంద్రకాంతమ్మ మారిపోయింది. గోడ వారన ఎవరైనా చెత్త వేస్తే, "నా పేరు కింద కసువు పోసేది ఎవుర్రా?" అని వీధంతా వినబడేలా కేకేసేది. కుళాయి రాకపోతే ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసు ముందు కూర్చునేది. వీధి దీపం ఆరిపోతే అది వెలిగేదాకా ఊరుకునేది కాదు. ఎవరింట పురుడైనా ముందు వెళ్లేది ఆమే. పెళ్లి పత్రికల్లో చిరునామాగా ఆ పేరు అచ్చవడం మొదలయ్యాక, ప్రతి పత్రికా చెంగయ్యతో చదివించుకునేది. పెళ్లికొడుకు పేరు అక్కర్లేదు, చిరునామా చదివితే చాలు.

రంగు వెలిసినప్పుడల్లా చెంగయ్య మళ్లీ దిద్దేవాడు. నాయన ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా దారి తప్పలేదు.

నాలుగేళ్ల కిందట చంద్రకాంతమ్మ పోయింది. ఆ జాగాను దేవస్థానంలో ఉద్యోగం చేసే రమామణి కొని, కొత్త ఇల్లు కట్టడానికి గోడ పడగొట్టించింది. చెంగయ్య వెళ్లి చూశాడు. పెళ్లల మీద అక్షరాల ముక్కలు, ఒకదాని కింద ఒకటిగా పచ్చ, నీలం, ఎరుపు రంగుల పొరలు. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాడు.

అదే ఏడు నగరంలో వీధులకు కొత్త బోర్డులు బిగించడం మొదలైంది. ఈ సందుకు '5వ అడ్డవీధి' అని వస్తోందని తెలిసి రమామణి చెంగయ్య ఇంటికి వచ్చింది.

"నా కాగితాలన్నిట్లో చంద్రకాంతమ్మ వీధి అనే ఉండాదన్నా. ఇంతకీ ఆమె ఎవరు?"

చెంగయ్య చెప్పాడు. నాయన సంగతి కూడా చెప్పాడు. "వార్డు మీటింగులో ఇదే చెప్పన్నా," అంది రమామణి.

మీటింగులో ఆయన చేతికి మైకు ఇచ్చారు. మైకు పట్టుకుని నిలబడ్డాడు. "నాతో చెప్పినట్టే చెప్పన్నా," అని రమామణి పక్కనుంచి అన్నాక నోరు తెరిచాడు. "మా నాయన ఈడికొచ్చి ఇల్లు దొరక్క ఎనక్కి పోయినాడప్పా..." అంటుంటే హాలు సద్దుమణిగింది. చంద్రకాంతమ్మ చేతుల మీద పుట్టిన పిల్లల తల్లులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. చివరికి అధికారులు పాత పేరే ఉంచుతామన్నారు.

సందు మొదట్లో పాతిన ఇనప కంబానికి బోర్డు వచ్చింది. నీలం రేకు మీద తెల్లటి కంప్యూటరు అక్షరాలు: 'చంద్రకాంత వీధి'.

"ఈ చంద్రకాంత ఎవురో నాకు తెలీదు," అన్నాడు చెంగయ్య.

"ఒకక్షరానికి ఏమవుతుంది పెద్దాయనా? మార్పించాలంటే మళ్లీ ఎన్ని నెలలు పడుతుందో," అన్నాడు బిగించడానికి వచ్చిన మనిషి.

చెంగయ్య ఇంటికి వెళ్లి అటక మీద కుంచెలు దింపాడు. వెంట్రుకలు గట్టిపడి ఉన్నాయి. కిరసనాయిల్లో నానబెట్టి, తెల్లరంగు కలుపుకుని వచ్చాడు. రెండు మాటల మధ్య ఉన్న కాస్త ఖాళీలో 'మ్మ' ఇరికించాలి. రమామణి స్టూలు పట్టుకుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా దిద్దాడు.

"కొంచెం వంకర వచ్చిందన్నా," అంది రమామణి.

"ఆ చోట్లో అంతే పడతాదమ్మా," అన్నాడు. స్టూలు దిగి, కళ్లద్దాలు తుడుచుకుని పేరు మొత్తం ఒకసారి పైకే చదివాడు. తర్వాత, తడి ఆరేదాకా ఎవరూ చెయ్యి పెట్టకుండా ఆ కంబం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.